గాలి అందరిదీ, అంగడి మీది

వారపు సంతకు వెళ్ళినవాళ్ళందరికీ తెలిసిన సంగతే. సంత మైదానంలో నడవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఈ చివరి నుంచి ఆ చివరికి పదిసార్లు తిరిగినా ఎవరూ ఏమీ అనరు. అదే మైదానంలో గోనెపట్టా పరిచి నాలుగు కేజీల వంకాయలు పోశామా, ఆశీలు వసూలు చేసే మనిషి రసీదు పుస్తకంతో వచ్చి ఎదురుగా నిలబడతాడు. "నేల అందరిదీ కదా" అంటే వినడు. నేల అందరిదే. అంగడి మాత్రం మనది.

ఊళ్ళో వైర్‌లెస్ ఇంటర్నెట్ పెట్టాలనుకునే కుర్రాళ్ళు తడబడేది సరిగ్గా ఇక్కడే. మండల కేంద్రంలో మేడ మీద ఒక డిష్, ఆరు కిలోమీటర్ల అవతల మన ఊళ్ళో ఇంకో డిష్, మధ్యలో చెట్టూ పుట్టా అడ్డం లేకపోతే చాలు, లింకు నిలబడుతుంది. ఇందులో వింతేమీ లేదు. 2000ల దశకంలోనే పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' ప్రాజెక్టు కింద దూరపు వైఫై లింకులతో పల్లెల్ని కలిపింది. ఇప్పుడు రేడియోలు ఇంకా చవక. "ఈ బ్యాండ్‌కి లైసెన్సు అక్కర్లేదు" అని అమ్మినవాడూ చెప్పాడు, వీడియోల్లోనూ చూశాం. ఇంక ఆలస్యం ఎందుకని పది ఇళ్ళకు కనెక్షన్లు ఇచ్చేస్తారు. పది యాభై అవుతాయి, యాభై రెండొందలవుతాయి. ఒకరోజు ఎవరో పెద్దమనిషి వచ్చి "బాబూ, మీ లైసెన్సు చూపించండి" అంటాడు. గొంతులో తడి ఆరిపోతుంది.

డిష్ ఎటు తిప్పాలో మీకు నాకంటే బాగా తెలుసు. ప్రభుత్వం వైపు ముఖం ఎలా తిప్పాలో ఈ అధ్యాయంలో చూద్దాం.

రెండు ప్రశ్నలు, రెండు జవాబులు

ఎవరైనా "లైసెన్సు కావాలా, వద్దా?" అని అడిగితే, ముందు ఆ ప్రశ్నను రెండుగా చీల్చండి.

మొదటిది: ఈ తరంగాన్ని వాడుకోవచ్చా? వాడుకోవచ్చు. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను 2005 జనవరిలో కేంద్రం లైసెన్సు నుంచి మినహాయించింది. 5 గిగాహెర్ట్జ్‌లో 2018 అక్టోబర్ 22న మొత్తం 605 మెగాహెర్ట్జ్ వదిలిపెట్టింది: 5150 నుంచి 5350 దాకా, 5470 నుంచి 5875 దాకా. చిన్న వైర్‌లెస్ ఆపరేటర్లకు ఊపిరి పోసింది ఈ రెండో నిర్ణయమే.

అయితే ఇది షరతులు లేని దానం కాదు. మీరు పంపే శక్తికి హద్దు ఉంది. 2.4లో యాంటెన్నా బలంతో కలిపి 4 వాట్లు దాటకూడదు. మీ వల్ల మరొకరికి అంతరాయం కలగకూడదు. మరొకరి వల్ల మీకు అంతరాయం కలిగితే రక్షించమని ప్రభుత్వాన్ని అడిగే హక్కు మీకు లేదు. సంతలో పక్క అంగడివాడు గట్టిగా అరుస్తున్నాడని ఆశీలు మనిషికి ఫిర్యాదు చేస్తే ఏమంటాడో, ఇక్కడా అదే జవాబు. పైగా వాడే రేడియోకు టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ విభాగం ఇచ్చిన ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ ఉండాలి. వాడుకలో దీన్నే ఈటీఏ అంటారు. రేడియో కొనేటప్పుడు బిల్లుతో పాటు ఆ మోడల్ ఈటీఏ కాపీ కూడా అడిగి తీసుకోండి. ఇవ్వలేనన్నవాడి దగ్గర కొనకండి.

రెండో ప్రశ్న: ఈ తరంగం మీద ఇంటర్నెట్‌ను డబ్బుకు అమ్మొచ్చా? అనుమతి లేకుండా అమ్మకూడదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం నుంచి ఈ హక్కు కేంద్ర ప్రభుత్వానిది. అది లైసెన్సు ఇచ్చినవాళ్ళే సేవ నడపాలి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం లైసెన్సు అన్న మాటను ఆథరైజేషన్‌గా మార్చింది కానీ మూలసూత్రం మారలేదు. అనుమతి లేకుండా టెలికాం సేవ నడిపితే మూడేళ్ళ దాకా జైలు, లేదా 2 కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని ఆ చట్టం 42వ సెక్షన్‌లో రాసి ఉంది. మన ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌ను తీగ లాగి పక్కింటికి నెలకు ఇంతని అమ్మడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

మరి వీడియోల్లో అంత ధీమాగా ఎలా చెబుతున్నారు? ఎందుకంటే వాటిలో చాలావరకు అమెరికావి. అక్కడి చిన్న వైర్‌లెస్ ప్రొవైడర్ లైసెన్సు లేని బ్యాండ్‌ల మీద ఇంటర్నెట్ అమ్మడానికి ముందుగా సేవా లైసెన్సు తీసుకోనక్కర్లేదు. ఎక్కడెక్కడ ఎంత వేగంతో ఇస్తున్నాడో ఏడాదికి రెండుసార్లు అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి లెక్క చెప్పాలి. వాళ్ళ సంతలో పద్ధతి వేరు, మన సంతలో పద్ధతి వేరు. అక్కడైనా అడ్డూఅదుపూ లేదనుకోకండి. విమానాశ్రయాల దగ్గరి వాతావరణ రాడార్‌కు 5 గిగాహెర్ట్జ్‌లో అంతరాయం కలిగించిన చిన్న ప్రొవైడర్లకు ఎఫ్‌సీసీ జరిమానాలు వేసింది.

మీ స్తోమతకు తగిన దారి

అనుమతి అనగానే ఢిల్లీ, లాయర్లు, లక్షలు కళ్ళముందు తిరుగుతాయి. అంత దూరం వెళ్ళకండి. ఇంటర్నెట్ అమ్ముకోవడానికి మూడు దారులు ఉన్నాయి. చిన్న దారి నుంచి పెద్ద దారికి చెబుతాను.

మొదటి దారి పీఎం-వాణి. 2020 డిసెంబర్ 9న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పథకం ఇది. కిరాణా కొట్టువాడు, టీ కొట్టువాడు పబ్లిక్ డేటా ఆఫీస్ పెట్టి వైఫై అమ్ముకోవచ్చు. ఆ కొట్టుకు లైసెన్సు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, ఫీజు లేదు. పైన ఉండే అగ్రిగేటర్ సంస్థ మాత్రం టెలికాం శాఖలో నమోదు కావాలి. వాడుకునేవాళ్ళకు అనుమతి ఇవ్వడం, లెక్కలు ఆ సంస్థే చూసుకుంటుంది. ఇలాంటి కొట్లకు ఖరీదైన లీజు లైన్లు అంటగడుతున్నారన్న గొడవ చాలాకాలం నడిచింది. 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దానికి ఒక హద్దు గీసింది: 200 ఎంబీపీఎస్ దాకా ఉన్న ఇళ్ళ ఫైబర్ ప్లాన్లను ఈ కొట్లకు రెట్టింపు ధరకు మించి అమ్మకూడదు. బస్టాండు, సంత, కాలేజీ ఎదుటి వీధి మీ లక్ష్యమైతే ఇంతకంటే పెద్ద దారి మీకు అనవసరం.

రెండో దారి ఫ్రాంచైజీ. లైసెన్సు ఉన్న కంపెనీ తరఫున మీ ఊళ్ళో కనెక్షన్లు ఇస్తారు, మరమ్మతులు చేస్తారు, కలెక్షన్ తెస్తారు. రెండు తెలుగు రాష్ట్రాల్లో కేబుల్ ఆపరేటర్లు ఇంటర్నెట్‌లోకి వచ్చింది ఎక్కువగా ఈ దారినే. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: కస్టమరు ఆ కంపెనీవాడు, బిల్లు ఆ కంపెనీ పేరు మీదే పోవాలి. ఒప్పందం నోటిమాటగా ఉండకూడదు. మీ వాటా ఎంత, రేడియోలు ఎవరివి, కంపెనీ చేతులెత్తేస్తే కస్టమర్ల గతేమిటి, ఈ మూడూ కాగితం మీద ఉండాలి. మీకు ఒప్పందం ఇచ్చిన కంపెనీ లైసెన్సు కాపీలో మీ ప్రాంతం ఉందో లేదో మీ కళ్ళతో చూడండి. లైసెన్సు లేనివాడి ఫ్రాంచైజీకి విలువ లేదు.

మూడో దారి సొంత లైసెన్సు. ఇది మూడు రకాలు. దేశమంతటికీ కేటగిరీ ఏ, టెలికాం సర్కిల్‌కు కేటగిరీ బి, సెకండరీ స్విచింగ్ ఏరియాకు కేటగిరీ సి. సి అంటే దాదాపు ఒక పాత జిల్లా అంత. బి తీసుకునేవాళ్ళకు తెలియని లాభం ఒకటుంది. రాష్ట్రం రెండయినా లైసెన్సు లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ ఒకటిగానే ఉండిపోయింది, తెలంగాణ కూడా అందులోదే. 2013లో వచ్చిన యూనిఫైడ్ లైసెన్సు పద్ధతిలో ప్రవేశ రుసుము ఏ కేటగిరీకి 30 లక్షలు, బి కేటగిరీకి 2 లక్షలు, సి కేటగిరీకి 20 వేలుగా పెట్టారు. దరఖాస్తు రుసుము, బ్యాంకు గ్యారంటీలు దీనికి అదనం. దరఖాస్తుదారు కంపెనీల చట్టం కింద నమోదైన కంపెనీ అయి ఉండాలి. గడువు 20 ఏళ్ళు. 2023 చట్టం కింద కొత్త నియమాలు విడతలుగా వస్తున్నాయి కాబట్టి, ఏ రుసుమైనా కట్టే ముందు ఆ రోజు అంకె ఎంతో టెలికాం శాఖ సరళ్ సంచార్ పోర్టల్‌లో మీరే చూసుకోండి. దళారి చెప్పిన అంకెను నమ్మకండి.

రెండొందల ఇళ్ళతో మొదలుపెట్టేవాడికి ఫ్రాంచైజీ చాలు. కస్టమర్లు పెరిగి, లెక్కలు రాసే మనిషిని జీతానికి పెట్టుకోగలిగిన రోజున సి కేటగిరీ గురించి ఆలోచించండి. సొంత లైసెన్సు గొప్ప కోసం తీసుకునేది కాదు, దాని వెంట వచ్చే పనిని మోయగలిగినప్పుడు తీసుకునేది.

ఆశీలు లెక్క

ఆ పనిలో మొదటిది డబ్బు లెక్క. యూనిఫైడ్ లైసెన్సు కింద సర్దుబాటు చేసిన స్థూల ఆదాయంలో, అంటే ఏజీఆర్‌లో, 8 శాతం ప్రభుత్వానికి కట్టాలి. అందులో 3 శాతం లైసెన్సు ఫీజు, 5 శాతం పల్లెలకు టెలికాం సేవలు అందించే నిధికి. ఆ నిధినే ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి అంటున్నారు. కస్టమరు దగ్గర వసూలు చేసే 18 శాతం జీఎస్టీ దీనికి వేరు. మూడు నెలలకోసారి, ఆ మూడు నెలలు ముగిసిన 15 రోజుల్లోగా కట్టాలి. చివరి విడత మాత్రం మార్చి 25లోగా. ఆలస్యమైతే వడ్డీ పడుతుంది. ఆదాయం లేదని ఊరుకోవడానికీ లేదు. రెండో ఏడాది నుంచి ప్రవేశ రుసుములో పదో వంతు కనీసంగా కట్టాల్సిందే.

ఇక్కడ 'ఆదాయం' అన్న ఒక్క మాట ఎంత బరువైందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2019 అక్టోబర్ 24న సుప్రీంకోర్టు ఏజీఆర్‌కు టెలికాం శాఖ చెప్పిన అర్థమే సరైనదని తీర్పిచ్చింది. పెద్ద ఫోన్ కంపెనీల సంగతి అందరికీ తెలుసు. గ్యాస్ అమ్మే గెయిల్ కూడా ఆ వలలో పడింది. దాని దగ్గర టెలికాం లైసెన్సులు ఉన్నాయి కాబట్టి, గ్యాస్ అమ్మకాలతో సహా మొత్తం ఆదాయం మీద లెక్కగట్టి సుమారు 1.72 లక్షల కోట్ల రూపాయలు కట్టమన్నారు. 2020 జూన్‌లో సుప్రీంకోర్టు తప్పుపట్టాక, ప్రభుత్వ రంగ సంస్థల మీద వేసిన సుమారు 4 లక్షల కోట్ల డిమాండ్లలో 96 శాతం టెలికాం శాఖ వెనక్కి తీసుకుంది. 2021 సంస్కరణల్లో టెలికాంతో సంబంధం లేని ఆదాయాన్ని లెక్క నుంచి తీసేశారు. కేబుల్ టీవీ ఆదాయం కూడా ఇప్పుడు బయటే.

గెయిల్‌కు ఢిల్లీలో లాయర్లు ఉన్నారు. మీకు ఆడిటర్ ఒక్కడే ఉంటాడు. కాబట్టి పాఠం ఇది: ఇంటర్నెట్ కంపెనీ వేరు, కేబుల్ వ్యాపారం వేరు, సీసీ కెమెరాల కొట్టు వేరు. ఒక్కోదానికి ఒక్కో బ్యాంకు ఖాతా, ఒక్కో బిల్లు పుస్తకం. అన్నీ ఒకే జేబులో వేసుకుంటే ఏది దేనిదో నిరూపించాల్సిన భారం మీ నెత్తిన పడుతుంది.

ఇంకొకటీ గమనించండి. 1998లో ప్రైవేటు సంస్థలకు ఇంటర్నెట్ తలుపు తెరిచినప్పుడు మొదటి ఐదేళ్ళు లైసెన్సు ఫీజు లేదు, తర్వాత ఏడాదికి ఒక్క రూపాయి. 2007 మార్గదర్శకాల్లో అది ఏజీఆర్‌లో 6 శాతమైంది, 2013కి 8 శాతమైంది. ఈరోజు లెక్క రేపు ఉండకపోవచ్చు. మీ ధరలు నిర్ణయించేటప్పుడు అంచుల దాకా కోసుకుని అమ్మకండి. నియమం మారినా తట్టుకునే కాస్త మిగులు ఉంచుకోండి.

రాసే అలవాటు

రెండో పని రికార్డులు. ఏ కస్టమరుకు ఏ సమయంలో ఏ ఐపీ అడ్రసు ఇచ్చారో మీ దగ్గర ఉండాలి. 2021 డిసెంబర్‌లో టెలికాం శాఖ ఈ రికార్డుల నిల్వ గడువును ఏడాది నుంచి రెండేళ్ళకు పెంచింది. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు మనదేశంలోనే నిల్వ ఉంచాలి, సైబర్ దాడి జరిగినట్టు తెలిసిన ఆరు గంటల్లో ఆ సంస్థకు సమాచారం ఇవ్వాలి.

చిన్న ఆపరేటర్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పబ్లిక్ ఐపీలు తక్కువ కాబట్టి ఒక్కో ఐపీ వెనక నలభై, యాభై ఇళ్ళు ఉంటాయి. ఒకరోజు సైబర్ పోలీసులు వచ్చి "ఫలానా ఐపీ నుంచి ఫలానా రాత్రి మోసం జరిగింది, వాడెవడు?" అంటారు. మీ దగ్గర ఐపీ మాత్రమే ఉండి పోర్టు నంబరు లేకపోతే యాభై ఇళ్ళలో ఏ ఇల్లో చెప్పలేరు. అప్పుడు అనుమానం మీ మీదికే తిరుగుతుంది. రౌటర్ గడియారం పది నిమిషాలు వెనకబడి ఉంటే మరీ ప్రమాదం, తప్పుడు ఇంటి పేరు చెప్పినవాళ్ళవుతారు. అందుకే లాగ్‌లో పోర్టు కూడా పడేలా పెట్టించండి, గడియారాన్ని నెట్‌వర్క్ సమయంతో కలపండి.

కనెక్షన్ ఇచ్చే ముందు ఆధారం తీసుకుని దరఖాస్తు ఫారం నింపించండి. "మా బాబాయి కొడుకేనండీ, ఫారం ఎందుకు?" అనకండి. బాబాయి కొడుకు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళాక ఆ కనెక్షన్ ఎవరు వాడుతున్నారో మీకు తెలియదు. సైట్లు మూసేయమని వచ్చే ఆదేశాలను తేదీ వేసి, అమలు చేసిన సమయం రాసి ఫైల్లో పెట్టండి. ఎవరో స్థానిక నాయకుడు ఫోన్ చేసి "ఈ రాత్రికి నెట్ ఆపేయ్" అంటే, మర్యాదగా రాతపూర్వక ఆదేశం అడగండి. ఇంటర్నెట్ నిలుపుదలకు ఎవరు ఆదేశించాలో కేంద్రం నియమాలు రాసింది. హోం శాఖ కార్యదర్శి స్థాయి అధికారం అది, నోటిమాటతో జరిగే పని కాదు.

భయం, దొంగచాటు, మూడో దారి

ప్రభుత్వంతో మనం రెండు రకాలుగా ప్రవర్తిస్తాం. కొందరు భయపడి మంచి ఆలోచనను మొదట్లోనే వదిలేస్తారు. కొందరు "పట్టుకున్నప్పుడు చూద్దాంలే" అని దొంగచాటుగా నడుపుతారు. రెండింటికీ వేరు ఒకటే, నియమం ఏమిటో తెలియకపోవడం. దొంగచాటు వ్యాపారంలో అసలు నష్టం జరిమానా కూడా కాదు, బలహీనత. పక్క ఆపరేటరు మీ తీగ కోసినా స్టేషనుకు వెళ్ళలేరు. కస్టమరు డబ్బు ఎగ్గొట్టినా అడగలేరు. బ్యాంకు అప్పివ్వదు. ఊళ్ళో ఎవడు బెదిరించినా వంగాల్సిందే.

మూడో దారి తెలుసుకోవడం. తెలిసినవాడు అడగగలడు. లైసెన్సు విషయంలో అన్యాయం జరిగిందనుకుంటే టీడీశాట్ అనే ట్రిబ్యునల్ ఉంది, 2000లో ఇలాంటి తగాదాల కోసమే ఏర్పడింది. నియమాలు రాకముందే మాట్లాడే అవకాశమూ ఉంది. ట్రాయ్ ప్రతి పెద్ద విషయం మీద సంప్రదింపుల పత్రం బయటపెట్టి అభిప్రాయాలు అడుగుతుంది, ఎవరైనా రాయొచ్చు. 2015లో నెట్ న్యూట్రాలిటీ కోసం, అంటే అన్ని సైట్లనూ సమానంగా చూడాలని, పది లక్షలకు పైగా ఈమెయిళ్ళు వెళ్ళాయి. 2016 ఫిబ్రవరి 8న కొన్ని సైట్లకు ఒక ధర, మిగతావాటికి ఒక ధర పెట్టడాన్ని ట్రాయ్ నిషేధించింది. చిన్న ఆపరేటర్ల కష్టం రాసేవాళ్ళు తక్కువ కాబట్టే పెద్దవాళ్ళ మాట ఎక్కువ వినపడుతుంది.

ఈ నెలలో చేయాల్సినవి

1. మీరు ఏ దారిలో ఉన్నారో ఒక కాగితం మీద ఒక్క వాక్యంలో రాయండి: పీఎం-వాణి కొట్టా, ఫ్రాంచైజీనా, సొంత లైసెన్సా. ఏదీ కాకపోతే, ఈ నెలలోనే ఒకటి ఎంచుకోండి. అప్పటిదాకా కొత్త కనెక్షన్ ఇవ్వకండి.
2. పైకెక్కించిన ప్రతి రేడియో మోడల్, బిల్లు, ఈటీఏ కాపీ ఒకచోట చేర్చండి.
3. రేడియోలో దేశం సెట్టింగ్ ఇండియా మీద ఉందో లేదో చూడండి. శక్తి పెరుగుతుందని వేరే దేశం ఎంచుకోవడం పెద్ద తప్పు.
4. నిన్న రాత్రి 9 గంటలకు ఒక పబ్లిక్ ఐపీని, ఒక పోర్టును ఎవరు వాడారో మీ లాగ్‌లోంచి మీరే వెతికి చూడండి. అరగంటలో దొరక్కపోతే మీ లాగ్ పద్ధతి మార్చాలి.
5. మేడ ఇచ్చినవాళ్ళ నుంచి, నీళ్ళ ట్యాంకు అయితే పంచాయతీ నుంచి, రాతపూర్వక అనుమతి తీసుకోండి.
6. చెల్లింపు తేదీలను గోడ క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో గుండ్రం చుట్టండి.
7. నెలకు ఒక ఆదివారం, ఒక గంట ఫైలు ముందు కూర్చోండి. ఆ గంట కస్టమరు ఫోనుకు కూడా ఇవ్వకండి.

గాలివానకు డిష్ పక్కకు తిరిగిపోతే తెల్లారి నిచ్చెన వేసుకుని సరిచేసుకోవచ్చు. రెండేళ్ళ కిందటి రాత్రి రాయని లాగ్‌ను ఈరోజు ఎవరూ రాయలేరు. డిష్ కొనే ముందు ఫైలు కొనండి.